బెణకని కాలు

తార్నాకలో మా తమ్ముడు రాజేశం ఉండేది మూడో అంతస్తులో. మొన్న రెండో శనివారం మల్కాజ్‌గిరి నుంచి ఆటోలో వెళ్ళి, లిఫ్టు దిగి, వాళ్ళ తలుపు ముందు చెప్పులు విడుస్తుండగానే ఆ వాసన తగిలింది. నువ్వుల నూనె, కర్పూరం, పేర్లు తెలియని వేర్లు కలిసి ఉడికిన వాసన. కీళ్ళనొప్పుల తైలం. ఈ వయసులో నా ఇంట్లోనూ ఒక సీసా ఉంది, నా ఈడువాళ్ళందరి ఇళ్ళలోనూ ఉంటుంది, అందులో ఉలిక్కిపడాల్సిందేమీ లేదు. అయినా నేను ఉలిక్కిపడ్డాను. ఎవరి ఇంట్లో ఆ వాసన వచ్చినా నాకు మొదట తోచేది ఒకటే: ఈ ఇంట్లో ఎవరికో నొప్పిగా ఉంది, ఆ సంగతి దాస్తున్నారు. మా ఆయన దీన్ని నా పిచ్చి అంటాడు. అననీ, ఆయనకు అలవాటే.

తలుపు తీసిన మా మరదలు పద్మను ఎవరికి నొప్పి అని అడిగాను. పిల్లకు కాలు బెణికిందనీ, బడిలో ఎక్కడినుంచో దూకిందనీ చెప్పింది, నా చేతిలోని పండ్ల సంచీ అందుకుంటూ, నా ముఖం చూడకుండా. పిల్ల అంటే వాళ్ళ కొడుకు కూతురు మేఘన, మూడో తరగతి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే అది తాత దగ్గరే ఉంటుంది. అప్పుడే లోపలి గదిలోంచి వచ్చింది. రెండడుగులు మామూలుగా వేసి, నన్ను చూసి, మూడో అడుగు నుంచి కుంటడం మొదలుపెట్టింది. రాజేశం సోఫాలో కాలు చాపుకుని ఉన్నాడు. అక్క గడపలో అడుగు పెడితే లేచి ఎదురొచ్చే మనిషి, ఆ రోజు కూర్చున్నచోటి నుంచే రమ్మన్నాడు. బయట ఎండ మండిపోతుంటే మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

పద్మ ఇచ్చిన టీ తీసుకుని కుర్చీలో కూర్చున్నాను. మేఘన నా ఎదురుగా గోడకానుకుని, కుడికాలు మడమ నేలకు ఆనకుండా జాగ్రత్తగా పెట్టుకుని నిలబడింది. ఆ జాగ్రత్త నాకు బాగా తెలుసు. నిజంగా కాలు బెణికిన పిల్ల కాలి సంగతి మధ్యమధ్యలో మరిచిపోతుంది, మరిచి అడుగు వేసి 'అబ్బా' అంటుంది. బెణకని కాలుతో కుంటే పిల్ల మరిచిపోదు, మరిచిపోతే ఏమవుతుందో దానికి ఎవరో చెప్పి ఉంటారు. దాని వయసులో నాకు మా అమ్మ చెప్పింది.

మా బాపు యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు. క్యాంపస్‌లో చిన్న ఉద్యోగులకు ఇచ్చే క్వార్టర్లు వరసగా ఒకే పెంకుల కప్పు కింద ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉండేది గానీ అది కప్పు దాకా పోయేది కాదు, మనిషి చేయెత్తితే అందేంత ఎత్తులో ఆగిపోయేది. ఆ ఖాళీలోంచి పక్కింటి పోపు మా ఇంట్లోకి, మా ఇంటి పచ్చిపులుసు పక్కింట్లోకి వస్తూ పోతూ ఉండేవి. ఎవరింట్లో చేపలు తెచ్చారో, ఎవరింట్లో ఒట్టి గొడ్డుకారమో అందరికీ తెలిసేది. మాటలు గుసగుసగా చెప్పుకోవచ్చు, వాసనను మాత్రం ఆపలేం. ఆ గోడకు అవతల ఉండేది ఎస్తేరు పెద్దమ్మ, ఆమె భర్త దావీదు సారు. మా బాపు పనిచేసే పుస్తకాల హాలుకు దావీదు సారే ఇంచార్జి. లైబ్రరీలో బాపు ఆయనకు నమస్తే పెట్టేవాడు, సాయంత్రం మాత్రం ఇద్దరూ ఒకే వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చునేవాళ్ళు. అయినా బాపు మంచం చివరనే కూర్చునేవాడు.

బాపు పని నిచ్చెన మీద. చదువుకునే పిల్లలు చీటీ రాసి ఇస్తే, దాన్ని పట్టుకుని అల్మారాల మధ్యకు పోయి, నిచ్చెన జరుపుకుని, ఎక్కి, పుస్తకం దించి తెచ్చి ఇవ్వాలి. ఎక్కువమంది అడిగే పుస్తకాలన్నీ పై అరల్లోనే ఎందుకుంటాయో ఆ దేవుడికే తెలియాలని నవ్వేవాడు. ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద తెల్లటి దుమ్ము ఉండేది. మొదట చేతులు, తరువాత కనుబొమలు, ఆ తరువాత కాళ్ళు కడుక్కునేవాడు, ఎప్పుడూ ఆ వరసలోనే. ఒకరోజు కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ చూసింది, మోకాలి మీద చిన్న గీత. నిచ్చెన మేకు గీసుకుందన్నాడు. ఇంత పసుపు పెట్టి మరిచిపోయాం. ఆ గీత మానినట్టే మాని, దాని కింద మోకాలు ఉబ్బడం మొదలైంది.

వాపు అంటే మా అమ్మకు తైలమే. నల్లకుంటలో ఒక ఆయుర్వేద మందుల దుకాణం నుంచి గోధుమరంగు సీసాలో తెప్పించి బియ్యం డబ్బా వెనక పెట్టేది. ఆ సీసా బయటికి తీస్తే ఇల్లంతా ఒక పద్ధతిలో పడేది. గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, దించి, అందులో సీసా నిలబెట్టేది. నూనె నేరుగా పొయ్యి మీద పెడితే దాని గుణం పోతుందని ఆమె నమ్మకం. అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, కింది నుంచి పైకి మర్దన చేసేది. మధ్యలో మాట్లాడకూడదు. ఆ పైన జిల్లేడాకు వెచ్చచేసి వేసి, పాత చీర చింపి కట్టు కట్టేది. అమ్మ చేతిలో ఏదో ఉండేది, నిజంగానే ఉండేది. మా నడుములు, మెడలు, క్యాంపస్ గుట్టల మీద ఆడి తెచ్చుకున్న మా బెణుకులు ఆ చేతికే తగ్గాయి. అందుకే బాపు మోకాలు తగ్గకపోతే ఆమె నూనెను అనుమానించలేదు, తన చేతినే అనుమానించింది. ఇంకా గట్టిగా రుద్దింది. బాపు తువ్వాల కొస పళ్ళ మధ్య పెట్టుకుని గోడకేసి చూసేవాడు.

దవాఖానకు పోదామని అమ్మ ఒకసారి అంది. బాపు చేత్తోనే వారించి, గోడ వైపు చూపించాడు. అప్పట్లో క్వార్టర్లలో ఒక మాట తిరుగుతుండేది, నిచ్చెన ఎక్కలేనివాళ్ళను ఇంటికి పంపుతారట అని. ఎవరు అన్నారో, ఎవరిని పంపారో ఎవరికీ తెలియదు. మాట మాత్రం తిరిగేది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, క్వార్టరు పోతే ఊళ్ళో మాకు మిగిలింది అన్నదమ్ముల మధ్య పంపకం తెగని మెట్టచెలక ఒక్కటే. బాపు ధైర్యం లేని మనిషి కాదు. కానీ ఆ ఒక్క మాటకు భయపడి, దావీదు సారు దగ్గు వినిపించినా కట్టు మీద పంచె సర్దుకునేవాడు.

పంచె కట్టును దాస్తుంది, వాసనను దాచదు. మూడోనాడో నాలుగోనాడో గోడ అవతలి నుంచి ఎస్తేరు పెద్దమ్మ కేకేసి, ఎవరికి ఏమైందని అడిగింది. అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను మూలన కూర్చుని ఎక్కాలు చదువుతున్నాను. "పిల్లకు కాలు బెణికిందక్కా, గుట్ట మీదికెళ్ళి దునికింది" అంది. అనేసి, నన్ను దగ్గరకు పిలిచి, నా కుడి మడమకు ఇంత నూనె పూసి, చెవిలో చెప్పింది. బయట అడుగు పెడితే కుంటాలి. బడిలో కుంటాలి. నీళ్ళ పంపు దగ్గర కుంటాలి. మరిచిపోతే బాపు నౌకరి పోతుంది.

అంత పెద్ద పని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. మొదటి రోజు గర్వంగానే ఉంది. రెండో రోజు నుంచి భయం పట్టుకుంది. పొద్దున కళ్ళు తెరవగానే కుడికాలు, కుడికాలు అని నాలో నేను అనుకునేదాన్ని. బడిలో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల పక్కన బండ మీద కూర్చుని చూస్తుంటే కాళ్ళు వాటంతటవే లేచేవి. వాటిని రెండు చేతులతో పట్టుకుని కూర్చునేదాన్ని. నా దగ్గర వచ్చే వాసనకు పక్కపిల్ల ముక్కు మూసుకుని నన్ను ముసలమ్మ అని పిలిచింది. ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే ఏ నోట ఏం వస్తుందోనని ఏడుపు కూడా ఆపుకున్నాను. తమ్ముడు రాజేశం అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. వాడికే దిగులూ లేదని వాడి మీద అసూయపడేదాన్ని.

అసలు చిక్కు ఎస్తేరు పెద్దమ్మ మంచితనం వల్ల వచ్చింది. వాళ్ళింట్లో ఆదివారం సాయంత్రం ప్రార్థన జరిగేది. మా వరసలోని క్రైస్తవుల ఇళ్ళ ఆడవాళ్ళందరూ వచ్చేవాళ్ళు. పాపం పిల్లకు కాలు తగ్గడం లేదని ఆమె నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయి చాప మధ్యలో కూర్చోబెట్టింది. అందరూ నా మడమ మీద చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని, నా కాలి కోసం దేవుణ్ణి వేడుకున్నారు. ఒకామె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ దేవుడికి నా కాలు బెణకలేదని తెలిసే ఉంటుంది గదా. తెలిసి పెద్దమ్మకు చెప్పేస్తే ఎలా? మరునాడు సాయంత్రం పంపు దగ్గర పెద్దమ్మ నయమైందా బిడ్డా అని ఆశగా అడిగింది. అయిందంటే మా ఇంటి నూనె వాసనకు దిక్కు లేదు. కాలేదంటే ఆమె కన్నీళ్ళకు విలువ లేదు. బిందె అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తాను. కుంటకుండా పరుగెత్తానని ఇంటికి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆలోచించింది. ఆ అవ్వలకు అవమానం చేయొద్దంది. ప్రార్థనకు కుడికాలు నయమైనట్టే. ఇప్పుడు ఎడమకాలు బెణికినట్టు. నూనె ఎడమ మడమకు పూసింది. ఆ వేళ అది మాకు ఎంతో తెలివైన ఉపాయంగా తోచింది. ఈనాటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే ఆ నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే ఆ పూటకే బాపుకు జ్వరం మొదలైంది. మోకాలు ఎర్రబడి, పట్టుకుంటే చేయి కాలేంత వేడిగా ఉంది. ఆ రోజు కూడా బాపు ఆ కాలుతోనే డ్యూటీకి పోయి, అప్పుడే వచ్చి పడుకున్నాడు.

బిందె కోసం నేను ఎడమకాలు కుంటుతూ మళ్ళీ పంపు దగ్గరకు పోతే ఎస్తేరు పెద్దమ్మ ఇంకా అక్కడే ఉంది. నా కాళ్ళ వైపు చూసింది. నా బిందె తన చంకన పెట్టుకుని నా వెంట మా ఇంటికి వచ్చి, గడప దాటి, మంచం మీద మూలుగుతున్న బాపు దగ్గరకు నేరుగా పోయింది. అమ్మ అడ్డం పోబోయింది. పెద్దమ్మ జిల్లేడాకు తీసి, మోకాలి మీద అరచేయి పెట్టి, తీసేసుకుంది.

"ఇది నూనెకు ఇనేది కాదు చెల్లె," అంది. "లోపల చీము పట్టింది. ఎవలకు భయపడి దాస్తున్నవ్? మాకా?"

అమ్మ కూలబడి ఏడ్చింది. పెద్దమ్మ గోడ మీదుగా భర్తను కేకేసింది. దావీదు సారు బనీను మీదనే వచ్చాడు. ఆయన్ను చూసి బాపు ఆ జ్వరంలో కూడా లేచి నిలబడబోయాడు, అది నేను మరవలేను. ఎవరి కంట పడకూడదని అన్నాళ్ళు పళ్ళు బిగబట్టాడో, ఆ మనిషి భుజం మీద చేయి వేసుకునే బాపు ఆటో ఎక్కాడు.

పెద్ద దవాఖానలో మోకాలు కోసి చీము తీశారు. వేడిగా ఉన్న వాపును రుద్దుతారా అని డాక్టరు అమ్మను గట్టిగా కోప్పడ్డాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే కాలే తీసేయాల్సి వచ్చేదన్నాడు. ఆ మాట విన్నాక అమ్మ చాలా కాలం తన చేతులను తనే అనుమానంగా చూసుకునేది. ఆ హడావుడిలో నా సంగతి ఎవరికీ గుర్తులేదు. ఇక కుంటనక్కర్లేదని నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదు గనక నేను కుంటుతూనే ఉన్నాను, దవాఖాన వరండాలో, వార్డులో, మంచాల మధ్యలో. బాపు కళ్ళు తెరిచి చూసేసరికి నేను ఎడమకాలు ఈడ్చుకుంటూ ఆయన దగ్గరకు వస్తున్నాను. ఆయన ముఖం ఎలా అయిపోయిందో చెప్పలేను. చేయి చాపి నా తల మీద పెట్టాడు.

"బిడ్డా, ఇగ మంచిగ నడువు," అన్నాడు.

బాపు మోకాలు మళ్ళీ వంగలేదు. దావీదు సారు పైవాళ్ళతో మాట్లాడి ఆయనను కింద, పిల్లలు సంచులు పెట్టే కౌంటరు దగ్గర వేయించాడు. నౌకరి పోలేదు, క్వార్టరు పోలేదు. ముందే ఒక మాట చెప్పి ఉంటే అయిపోయేదని దావీదు సారు ఒక్కసారి అన్నాడు, తరువాత ఆ ఊసెత్తలేదు. నూనె మీద నాకు ఏనాడూ కోపం లేదు. తరువాత చలికాలాల్లో అమ్మ బాపు రెండో మోకాలికి అదే తైలం రాసేది, అయితే తలుపులు బార్లా తెరిచి, పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని. నా కోపమంతా ఆ భయం మీద. ఆ భయమే ఆయన మోకాలిని తినేసింది.

టీ చల్లారింది. పద్మ వంటింట్లో తైలం గిన్నె మైక్రోవేవ్‌లో పెట్టిన చప్పుడు వినిపించింది. ఇప్పుడు తైలం ఫోన్లో నొక్కితే ఇంటికొస్తుంది, సీసా మీద అన్ని భాషల్లో రాసి ఉంటుంది, నీళ్ళు మరిగించే పని లేదు. గోడలు కూడా కప్పు దాకా ఉన్నాయి. ఆ అంతస్తులో నాలుగు తలుపులు ఉంటే నాలుగూ మూసే ఉంటాయి. నూనె వాసన లిఫ్టు దాకా వస్తున్నా ఎవరికేమైందని అడిగే మనిషి లేదు. చిన్నప్పుడు ఆ పొట్టిగోడను ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. రాజేశం ఇంట్లో కూర్చుని, ఆ గోడ లేకపోవడమే నాకు భయమనిపించింది.

రాజేశం బడి వ్యాను నడుపుతాడు. హబ్సిగూడ నుంచి విద్యానగర్ దాకా ఇల్లిల్లూ తిరిగి పిల్లలను ఎక్కించుకుంటాడు. ఆ పిల్లలే నా కళ్ళ ముందు మెదిలారు. టీ కప్పు కింద పెట్టి మేఘనను పిలిచి, ఏ కాలమ్మా అని అడిగాను. అది కుడిదంది. గోడకానుకున్నప్పుడు ఎత్తి పెట్టుకున్నదీ కుడికాలే, ఇప్పుడు నా దగ్గరకు వస్తూ కుంటింది మాత్రం ఎడమది. అది తాత వైపు చూసింది. తాత కిటికీ వైపు చూశాడు. నేను లేచి వెళ్ళి వాడి మోకాళ్ళ మీది దుప్పటి తీశాను. కుడి మోకాలు నున్నగా ఉబ్బి, నూనెకు మెరుస్తోంది. అరచేయి పెట్టాను. కాలుతోంది.

"బ్రేకు కాలక్కా," అన్నాడు రాజేశం, చాలా మెల్లగా. "ఓనరుకు తెలిస్తె బండి ఇయ్యడు. కొడుక్కు తెలిస్తె నడపనియ్యడు. నాలుగు దినాలల్ల తగ్గుతది."

వాడికి బాపు కథ సగమే తెలుసు. బాపు మోకాలు వంగదని తెలుసు, ఎందుకు వంగదో తెలియదు. ఆ పూట చెప్పాను, పద్మ గుమ్మంలో నిలబడి వింటుండగా, ప్రార్థన సంగతితో సహా అంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నాకు ఆశ్చర్యం ఒక్కటే. ఆనాడు ఉయ్యాలలో ఉన్న పిల్లవాడికి ఈ అబద్ధం ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఆ భయం ఉంటే చాలు, ఆ అబద్ధం దానంతటదే నోటికి వస్తుంది కాబోలు.

రాజేశం మోకాలి వైపు చూసుకున్నాడు. బండి పోతే ఎట్ల అక్కా అన్నాడు. ఓనరు దావీదు సారు కాకపోవచ్చు, అది నాకూ తెలుసు, ఆ దిగులు ఇప్పటికీ నాకుంది. కానీ ఆ కాలి కింద బ్రేకు ఉంది, ఆ బ్రేకును నమ్ముకుని వెనక సీట్లలో మేఘన వంటి పిల్లలున్నారు. ఆ మాటే అన్నాను. వాడు చొక్కా తెమ్మని పద్మకు చెప్పాడు. కొడుకుకు ఫోను చేసి దవాఖానకు రమ్మంది పద్మ.

తలుపు బయటికి వచ్చాక వాడు నా భుజం పట్టుకుని, అన్నాళ్ళూ దాచిన కుంటంతా కుంటుతూ, మూలుగుతూ లిఫ్టు వైపు నడిచాడు. వెనక అడుగుల చప్పుడు తేడాగా వినిపించి తిరిగి చూశాను. మేఘన కూడా కుంటుతూనే వస్తోంది. దానికెవరూ చెప్పలేదు మరి.

"బిడ్డా, ఇగ మంచిగ నడువు," అన్నాను.

అది నా మాట నమ్మలేదు. తాత ముఖంలోకి చూసింది. రాజేశం తల ఊపాడు. అప్పుడది రెండు కాళ్ళూ నేల మీద సరిగ్గా ఆనించి, ఒకసారి కిందికి చూసుకుని, లిఫ్టు బటను నొక్కడానికి మా ఇద్దరికంటే ముందు పరుగెత్తింది.